తోలుబొమ్మలో కీళ్లు

నెల్లూరు సీమలో ఆడే తోలుబొమ్మను పగటివేళ నిదానించి చూచినచో, అది మనిషి పోలికకు చాలా దూరమని తెలుస్తుంది. దానికి మందం లేదు, కండ లేదు. సాధారణంగా ముఖం ప్రక్కవాటుగాను, కన్ను మాత్రం ఎదుటినుండి చూచినట్లు నిండుగాను ఉంటుంది. అయినా రాత్రి తెరపై అదే బొమ్మ నడుస్తుంది, కోపగిస్తుంది. ఇది ఎట్లు సాధ్యము?

దేహరూపంలో ఎంత విడిచినా, కళాకారుడు కీళ్లను విడువలేదు. భుజము, మోచేయి, మోకాలు మొదలైన చోట్ల తోలుముక్కలను దారంతో వదులుగా కూర్చుతాడు.

1973లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు గున్నార్ యొహాన్సన్ ప్రచురించిన ప్రయోగాలు దీనిని విశదపరుస్తవి. మనుష్యుల కీళ్లవద్ద పది పన్నెండు వెలుగుచుక్కలు మాత్రమే కనబడునట్లు ఆయన చిత్రీకరించాడు. కదలనప్పుడు అవి అర్థంలేని చుక్కలు. నడచినంతనే చూపరులు మనిషిని గుర్తించారు.

కారణమేమి? ఎముక పొడవు మారదు. కనుక ప్రక్కనుండి చూచినపుడు మోచేతికి, మణికట్టుకు నడుమ దూరం ఇంచుమించు స్థిరంగా ఉండి, ఒకటి రెండవదానిచుట్టూ లోలకమువలె ఊగుతుంది. మెదడు ఈ సంబంధాన్ని పట్టుకొని, లేని దేహాన్ని పూరించుకొంటుంది. నైరూప్య చిత్రంలో నాలుగు గీతలు నర్తకిగా తోచుటకూ ఇట్టి పూరణమే తోడ్పడుతుంది.

విద్యార్థులు అట్టతో ఒక బొమ్మ చేసి, మోచేతిని ఒకసారి జిగురుతో అంటించి, మరొకసారి దారంతో కట్టి ఆడించినచో భేదం స్పష్టమవుతుంది.