గాజుతొట్టిలో పాచి

గౌతమీతీరమందలి రావులపాలెములో వేసవిని కాలువలు కట్టివేసినపుడు మడుగులలో నిలిచిన నీరు కొలది దినములలో పచ్చబడును. చేపలు పిల్లలు పెట్టుటకై మొక్కలు నాటిన గాజుతొట్టికిని ఇదే గతి. ఎండయు, మిగిలిన మేత కుళ్లగా పుట్టు నత్రజని, భాస్వరములును పాచిని పెంచును. పాచి పగలు ప్రాణవాయువు నిచ్చినను రాత్రి తానే పీల్చుకొనును. అది మితిమీరినచో తెల్లవారుసరికి పిల్లలు నీటిపైకి వచ్చి నోళ్లు తెఱచును.

మైలుతుత్తము వేసిన పాచి చచ్చును. దానితోపాటు నత్తలును, చేపపిల్లలును చచ్చును. కావున తొట్టిని ఎండ తగులనిచోట నుంచి, మేత తగ్గించి, వారమున కొకసారి నాల్గవవంతు నీరు మార్చవలెను. పాఠశాలలో కిరణజన్యసంయోగక్రియకు చూపు హైడ్రిల్లాను దట్టముగా నాటిన, పాచికి దక్కవలసిన పోషకములను అదియే గ్రహించును. గాజుమీది పలుచని పాచిని మాత్రము కొంత విడువవలెను. అందలి సూక్ష్మజీవులు పసిపిల్లలకు తొలి మేత.