జేబులోని పాటలకు వరస

జేబులో పట్టే ప్లేయర్‌లో వేల పాటలు ఉండొచ్చు. వాటిలో కావలసిన పాట దగ్గరికి దారి చూపేది మాత్రం మెనూ. తెర మీద మొదట కనిపించే నాలుగైదు మాటలు, వాటి కింద తెరుచుకునే జాబితాలు, ఆ జాబితాల్లోని పేర్లు, ఇవన్నీ జనం పాటను ఎలా వెతుక్కుంటారన్న ఒక ఊహ మీద కట్టినవే. 2001 అక్టోబరులో యాపిల్ కంపెనీ ప్రకటించిన ఐపాడ్‌లో 5 గిగాబైట్ల డిస్కు ఉండేది. అందులో వెయ్యి పాటలు పడతాయని చెప్పి అమ్మారు. చక్రం తిప్పుతూ ప్లేలిస్టులు, గాయకులు, పాటలు అనే మెట్లు దిగాలి. తర్వాత వచ్చిన చవక ఎంపీ3 ప్లేయర్లు, కీప్యాడు ఫోన్లు కూడా ఇంచుమించు ఆ బాటే పట్టాయి: ఆర్టిస్టు, ఆల్బమ్, జానర్. గాయకుడో బృందమో తన పేరు మీద ఆల్బమ్ తెచ్చే దేశాల్లో ఈ వరస సహజమే. తెలుగు పాట ఎక్కువగా సినిమాలో పుడుతుంది, అదీ నలుగురైదుగురి చేతుల మీదుగా.

1955లో వచ్చిన ‘రోజులు మారాయి’లోని ఏరువాక పాటనే తీసుకుంటే, రాసింది బాపట్ల దగ్గరి అప్పికట్లలో పుట్టిన కొసరాజు రాఘవయ్య చౌదరి. సంగీతం మాస్టర్ వేణు, గొంతు జిక్కి, తెర మీద ఆడింది వహీదా రెహమాన్. ఈ పాట కావాలనుకునే రైతు సినిమా పేరుతో అడగొచ్చు, కొసరాజు పాట అనొచ్చు, వహీదా డాన్సు పాట అని కూడా అనొచ్చు. ప్లేయర్ మెనూ మాత్రం జిక్కి పేరు గుర్తుందా అని అడుగుతుంది. గుర్తు లేకపోతే ‘అన్ని పాటలు’ అనే జాబితాలో కిందికి దిగుతూ పోవాల్సిందే. రెండు వేల పాటలున్న కార్డులో ఆ జాబితా ఉన్నా లేనట్టే.

ఈ ఇరుకుకు మూలం మెనూ కంటే ముందే, పాట ఫైలులో దాగి ఉండే చీటీలో ఉంది. దాన్నే ట్యాగ్ అంటారు. 1996లో ఎరిక్ కెంప్ రూపొందించిన ఐడీ3 ట్యాగ్ మొత్తం 128 బైట్లు. పాట పేరు, ఆర్టిస్టు, ఆల్బమ్ ఒక్కోదానికి 30 బైట్లు, సంవత్సరానికి 4, జానర్‌కు ఒకే ఒక్కటి. సంగీత దర్శకుడికీ పాట రాసినవారికీ గడే లేదు. జానర్ అంటే అంకెలతో కూడిన ఒక స్థిర జాబితా. బ్లూస్‌తో మొదలయ్యే అందులో సినిమా పాటకు దగ్గరగా వచ్చేది 24వ అంకె, సౌండ్‌ట్రాక్. అంటే విషాద గీతమూ, క్లబ్బు డాన్సూ, ఏరువాక పాటా అన్నీ ఒకే గాటన పడతాయి. 1998లో వచ్చిన రెండో రకం ట్యాగ్‌లో సంగీత దర్శకుడికి, గీత రచయితకు విడి గడులు ఏర్పడ్డాయి, యూనికోడ్‌కూ చోటు దొరికింది. ఇప్పుడు చాలాచోట్ల వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో అచ్చుకో హల్లుకో గుణింతం గుర్తుకో తలా మూడు బైట్లు పడతాయి. ఆ లెక్కన కొసరాజు రాఘవయ్య అన్న పేరే పాత 30 బైట్ల గడిలో పట్టదు.

అందువల్ల మెనూ మార్చాలంటే ముందు చీటీలు సరిచేయాలి. కంప్యూటరులో ఎంపీ3ట్యాగ్ వంటి ఉచిత సాఫ్ట్‌వేరుతో వందల పాటలను ఒకేసారి దిద్దవచ్చు. ఎక్కువ చిక్కు పెట్టేవి పేర్లే. ఇంగ్లీషు అక్షరాల్లో ఘంటసాల పేరు రాసేటప్పుడు ‘జి’ తర్వాత ‘హెచ్’ పెట్టేవారు కొందరు, పెట్టనివారు కొందరు. యంత్రం దృష్టిలో వాళ్ళు ఇద్దరు గాయకులు. యుగళగీతానికి ఘంటసాల, సుశీల అని కలిపి రాస్తే మూడో మనిషి పుట్టుకొస్తాడు. తెలుగు లిపిలోనే రాసుకుందామంటే చిన్న ప్లేయర్లలో చాలావాటికి ఒత్తులు కూర్చడం రాదు, కొన్నిటిలో అక్షరాలకు బదులు డబ్బాలు కనిపిస్తాయి. అక్కడ ఇంగ్లీషు అక్షరాలే గతి. ఒక పేరుకు ఒకే స్పెల్లింగు ఎంచుకుని దాన్ని వదలకపోవడం ముఖ్యం. ఆల్బమ్ గడిలో సినిమా పేరు పక్కన సంవత్సరం చేరిస్తే రెండు మూడుసార్లు తీసిన కథలు కలిసిపోవు. 

ఇక అసలు మెనూ సంగతి. ఐపాడ్‌లో సెట్టింగుల లోపలికి వెళ్ళి మొదటి తెర మీద ఏవి కనిపించాలో ఎంచుకోవచ్చు. అంతకు మించి స్వేచ్ఛ లేదు. ఆ స్వేచ్ఛ ఇచ్చింది రాక్‌బాక్స్. 2001 చివర్లో స్వీడన్‌కు చెందిన ప్రోగ్రామర్లు ఆర్కోస్ ప్లేయర్ కోసం మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేరు ఇది. తర్వాత పాత ఐపాడ్‌లకూ, శాన్‌డిస్క్ వారి క్లిప్ ప్లస్ వంటి చిన్న ప్లేయర్లకూ పాకింది. ఇందులో పాటల మెనూ అంతా ఒక మామూలు టెక్స్ట్ ఫైలులో రాసి ఉంటుంది. ఏ మెట్టు తర్వాత ఏ మెట్టు రావాలో ఆ ఫైలులో మార్చుకోవచ్చు. సినిమా, దాని కింద పాట అని ఒక దారి. సంగీత దర్శకుడు, సినిమా, పాట అని ఇంకో దారి. 1950 నుంచి 1959 వరకు అని మరో దారి. నటుడికి ఏ ట్యాగ్‌లోనూ సరైన గడి లేదు. ఎన్టీఆర్ పాటలు, ఏఎన్నార్ పాటలు అని అడిగే అలవాటు క్యాసెట్ల కాలం నుంచీ ఉన్నదే కాబట్టి, ఖాళీగా పడి ఉండే గ్రూపింగ్ గడిలో హీరో పేరు, కామెంటు గడిలో రచయిత పేరు రాసి, వాటి మీద మెనూ కట్టుకోవడం తేలికైన ఉపాయం.

ఇంత సదుపాయం లేని కీప్యాడు ఫోన్లకూ, ట్రాక్టర్లలో పెట్టే పెన్‌డ్రైవులకూ ఫోల్డర్లే మెనూ. వీటిలో చాలావరకు పాటలను అక్షరక్రమంలో కాక కార్డు మీదికి ఎక్కించిన వరసలోనే పలికిస్తాయి. అందుకే ఫోల్డర్లను కావలసిన వరసలో ఒక్కొక్కటిగా కాపీ చేయాలి. అక్షరక్రమం పాటించే వాటిలో అంకె ముందు సున్న తప్పనిసరి, లేకుంటే 10 వచ్చి 2 కంటే ముందు కూర్చుంటుంది. పాతకాలపు 2 గిగాబైట్ల లోపు కార్డుల్లో ఇంకో మెలిక ఉంది. ఫోల్డరు లేకుండా బయట పెట్టే ఫైళ్ళకు సాధారణంగా 512 చోట్లే ఉంటాయి, పొడుగు పేరున్న ఒక్క పాటే వాటిలో రెండు మూడు చోట్లు ఆక్రమిస్తుంది. కార్డులో జాగా ఉండగానే ‘నిండింది’ అని రావడానికి ఇదొక కారణం.

సినిమా పాటల వరసలో పద్యాన్నీ బుర్రకథనూ ఇరికించడం మాత్రం పొరపాటు. బలిజేపల్లి లక్ష్మీకాంత కవి హరిశ్చంద్ర నాటకం పద్యాలు వినేవారికి సీను ముఖ్యం, కాటి సీను అని అడుగుతారు. వాటికి ఆల్బమ్ గడిలో నాటకం పేరు, గ్రూపింగ్‌లో సీను, ఆర్టిస్టుగా నటుడు ఉంటే సరిపోతుంది. పొన్నెకల్లు నాజర్ బుర్రకథ వంటి పొడుగు రికార్డింగులకు కావలసింది ఆపిన చోట మళ్ళీ మొదలయ్యే ఏర్పాటు. రాక్‌బాక్స్‌లో దానికి బుక్‌మార్కులున్నాయి. మిరప కల్లం దగ్గర రాత్రి కాపలా కాసేవారు బుర్రకథ పెట్టుకుంటే, ఆ బుక్‌మార్కుల జాబితాను మొదటి తెర మీదికి తెచ్చుకోవడం మేలు. వీటిని షఫుల్‌లో కలవకుండా విడి ఫోల్డరులో ఉంచాలి. డ్యూయెట్టు తర్వాత కథ మధ్యలోంచి ఓ ముక్క ఊడిపడితే రెండూ చెడతాయి.

మెనూనే దాదాపుగా ఎత్తేసిన దారి కూడా ఒకటుంది. 2017లో సారెగమ సంస్థ తెచ్చిన కారవాన్‌లో 5000 పాత హిందీ పాటలు ముందే నింపి ఉంచారు. గుండ్రటి మీట తిప్పితే గాయకుడో, రచయితో, సంగీత దర్శకుడో మారతారు. తర్వాత తెలుగు కారవాన్ కూడా వచ్చింది. గీత రచయితకు మొదటి వరసలో చోటిచ్చిన అరుదైన యంత్రం ఇది. కాకపోతే ఫలానా పాటే కావాలంటే అందులో వెతకడం కష్టం, ముందే నింపిన పాటల వరస మార్చడం కుదరదు.

మెట్లు ఎన్ని ఉండాలన్నది వినేవారి చేతుల మీద ఆధారపడుతుంది. మిరప కోతలో ఉన్న వేళ్ళతో నాలుగు మెట్లు దిగడం జరిగే పని కాదు. పొలానికి తీసుకెళ్ళే కార్డులో రెండు మెట్లు చాలు: పైన పది పన్నెండు ఫోల్డర్లు, లోపల పాటలు. చూపు లేనివారికి, చదవడం రానివారికి రాక్‌బాక్స్ మెనూను బయటికి చదివి వినిపిస్తుంది, ఫోల్డరు పేరుకు విడిగా గొంతు క్లిప్పు చేర్చే వీలూ ఉంది. ట్యాగులు దిద్దిన ప్రతిసారీ ప్లేయర్‌లోని డేటాబేస్‌ను తాజా చేయాలి, లేకుంటే పాత పేర్లే కనిపిస్తాయి. మెనూ ఫైలు నకలు ఒకటి కంప్యూటరులో ఉంచుకుంటే, దాన్ని మార్చడంలో ఏదైనా తేడా వచ్చినా పాత వరసను తిరిగి తెచ్చుకోవచ్చు.