పసిబిడ్డకు టీకా: జ్వరానికి జడిసి ఆపేయకండి

బుధవారమో శనివారమో నెలన్నర బిడ్డకు తొడకు సూది వేయించి తెస్తారు. రాత్రికి ఒళ్లు వెచ్చబడుతుంది, బిడ్డ ఒకటే ఏడుపు. "ఇంకోసారి వేయించొద్దు" అని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. రెండు రోజుల్లో పోయే జ్వరానికి భయపడి ఏళ్ల తరబడి ఉండే రక్షణను వదులుకోవడం అక్కడే మొదలవుతుంది.

అపోహ: జ్వరం వచ్చిందంటే టీకా బిడ్డకు పడలేదు.
వాస్తవం: ఆ సూది పెంటావాలెంట్. కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్‌-బి, హిబ్‌ బ్యాక్టీరియా తెచ్చే జబ్బుల నుంచి కాపాడుతుంది. ఒంట్లో రోగనిరోధక శక్తి మేల్కొన్నప్పుడు జ్వరం, సూది వేసినచోట వాపు మామూలే. జ్వరం రాకపోయినా టీకా పనిచేస్తుంది. పారాసిటమాల్‌ చుక్కలు సూది వేసిన ఏఎన్‌ఎం చెప్పిన మోతాదులోనే వేయండి. తల్లిపాలు మాటిమాటికీ పట్టండి.

అపోహ: వాపు మీద పసుపో నూనో రాసి రుద్దితే తగ్గుతుంది.
వాస్తవం: రుద్దితే నొప్పి పెరుగుతుంది. శుభ్రమైన తడిగుడ్డ వేస్తే చాలు.

అపోహ: క్షయ రాకుండా వేసే బీసీజీ టీకా వేసినచోట చీము పట్టింది, సూది వికటించింది.
వాస్తవం: కొన్ని వారాలకు ఎడమ భుజం మీద చిన్న పొక్కు లేచి, చితికి, దానంతటదే మాని మచ్చ పడుతుంది. పిండకండి, మందు రాయకండి. మచ్చ పడకపోయినా మళ్లీ వేయించనక్కర్లేదు. చంకలో గడ్డ కడితే మాత్రం డాక్టరుకు చూపించండి.

అపోహ: జలుబు చేస్తే టీకా వాయిదా వేయాలి.
వాస్తవం: కొద్దిపాటి జలుబు, దగ్గు అడ్డు కావు. జ్వరం తీవ్రంగా ఉన్నా, గత టీకాకు ఫిట్స్‌, తీవ్రమైన అలర్జీ వచ్చినా ముందే చెప్పండి.

అపోహ: తేదీ దాటితే మొదటి నుంచి వేయించాలి.
వాస్తవం: అక్కర్లేదు. ఆగినచోటి నుంచే కొనసాగిస్తారు. కార్డు పట్టుకుని వీలైనంత త్వరగా వెళ్లండి.

సూది వేయగానే ఇంటికి బయల్దేరకండి, అరగంట అక్కడే కూర్చోండి. తీవ్రమైన అలర్జీ అరుదు. వస్తే ఎక్కువగా ఆ కాసేపట్లోనే బయటపడుతుంది. ఇంటికొచ్చాక ఊపిరాడకపోవడం, ముఖం వాపు, ఫిట్స్‌, సొమ్మసిల్లడం లాంటివి కనిపిస్తే వెంటనే 108కు ఫోన్‌ చేయండి. మూడు గంటలకు పైగా ఏడుపు ఆగకపోయినా, పాలు మానేసినా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మన దేశంలో సహజ పోలియో వైరస్‌ చివరి కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లో నమోదైంది. ప్రతి విడతా వదలకుండా చుక్కలు వేయించిన తల్లిదండ్రుల వల్లే ఆ తర్వాత మరో కేసు రాకుండా ఆపడం సాధ్యమైంది. మీ బిడ్డ కార్డులో తర్వాతి తేదీ ఎప్పుడుందో ఈరోజే చూసుకోండి.