ఎవరూ చెప్పక ముందే

కుళాయి దగ్గర డ్రమ్ములో సన్నటి పురుగులు తోకలాడించడం అందరం చూశాం. "మేడం చెబితే కడుగుదాంలే" అనుకున్నాం. ఆ వారమే నా పక్క మంచం అమ్మాయి చలిజ్వరంతో ఇంటికెళ్లింది. ఆ డ్రమ్ము వల్లేనని చెప్పలేను గానీ, నాకు నిద్ర పట్టలేదు.

అవి దోమ పిల్లలు. దోమ కడుపులో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ 1897లో మన సికిందరాబాదులోనే చూశారు. నిలవ నీళ్లలో పెట్టిన గుడ్డు రెక్కల దోమ కావడానికి సుమారు 7 నుంచి 10 రోజులు పడుతుంది. అందుకే వారానికోసారి నీళ్లు పారబోయాలి. ఊరికే పారబోస్తే చాలదు, కొన్ని దోమల గుడ్లు గోడకే అంటుకుంటాయి. పీచుతో రుద్ది, బోర్లించి ఆరబెట్టాలి.

శుక్రవారం ముగ్గురం కలిసి కడిగేశాం. నీళ్లు వృథా చేశారని తిట్లు పడ్డాయి. మొక్కలకే పోశాం మేడం!

వంటగది వెనక తొట్టి ఇంకా అలాగే ఉంది. వచ్చే శుక్రవారం ఎవరెవరు వస్తారు?