కోడిపిల్లల్లో రక్తపారుడు: మందుతో పాటు పొడి నేల కావాలి

మన పాల సంఘాల సభ్యులలో చాలా ఇళ్ళలో గేదెలతో పాటు పెరట్లో నాలుగైదు నాటుకోళ్ళు కూడా ఉంటాయి. పాల బిల్లు చేతికి వచ్చేలోగా ఉప్పు పప్పులకు, పిల్లల పుస్తకాలకు ఆదుకొనేవి ఇవే. ఆ పైకం చాలావరకు ఇల్లాలి చేతిలోనే ఉంటుంది. పొదిగించిన పన్నెండు పిల్లల్లో పది చనిపోతే ఆ ఇంటికి అది చిన్న నష్టం కాదు.

వానలు మొదలైన తర్వాత సంఘాల తనిఖీకి వెళ్ళినపుడు, "పిల్లలు నెత్తురు పారి చనిపోతున్నాయండీ, కొక్కెర టీకా వేయించినా ఆగలేదు" అనే మాట తరచుగా వింటుంటాము. కొక్కెర తెగులు వేరు, ఇది వేరు. దీనిని రక్తపారుడు లేక కాక్సిడియోసిస్ అంటారు. కొక్కెర టీకా దీనిని ఆపదు.

వ్యాధి ఎలా వస్తుంది?

ఐమీరియా అనే ఏకకణ జీవి కోడి పేగుల గోడలలో పెరిగి వాటిని దెబ్బతీస్తుంది. జబ్బు కోడి రెట్టలో దీని బీజాలు అసంఖ్యాకంగా బయటపడతాయి. అప్పుడే పడిన రెట్టలోని బీజాలకు జబ్బు కలిగించే శక్తి ఉండదు. తేమ, వెచ్చదనం, గాలి దొరికితే ఒకటి రెండు రోజుల్లో అవి పక్వమవుతాయి. మేతతోనో నీటితోనో వాటిని మింగిన పిల్ల రెట్టలో వారం తిరిగేసరికి మళ్ళీ కొత్త బీజాలు వస్తాయి. కొట్టం రొచ్చు పారే చోట, కుడితి తొట్టి పక్కన నేల ఎప్పుడూ తడిగా ఉంటుంది. పాడి ఉన్న ఇళ్ళలో ఈ జబ్బుకు అదే పుట్టిల్లు.

లక్షణాలు

ముఖ్యంగా 3 నుండి 8 వారాల పిల్లలకు వస్తుంది. రెక్కలు వేలాడవేసి, ముడుచుకొని ఒకచోట చేరతాయి. మేత మానివేస్తాయి. తమ్మెలు పాలిపోతాయి. రెట్టలో నెత్తురు పడుతుంది. కొన్ని రకాల ఐమీరియాలో నెత్తురు కనిపించదు. పలుచని రెట్ట వేస్తూ, ఎదుగుదల లేక చిక్కిపోతాయి. చనిపోయిన పిల్లను వెంటనే పశువైద్యశాలకు తీసుకుపోతే కోసి చూసి జబ్బును నిర్ధారిస్తారు.

చికిత్స

దీనికి వాడే మందు ఆంప్రోలియం. 20 శాతం పొడి అయితే లీటరు నీటికి 1.2 గ్రాముల చొప్పున 5 రోజులు ఇవ్వాలి. ఇంటిలో ఇంత తక్కువ తూచడం కష్టం. కాబట్టి 6 గ్రాములు తూపించి, అయిదు సమాన పొట్లాలుగా కట్టించుకోవాలి. రోజుకొక పొట్లం లీటరు నీటిలో కలిపితే పది పన్నెండు పిల్లలకు సుమారుగా సరిపోతుంది. తర్వాత పావు మోతాదుతో మరొక వారం ఇవ్వాలి. పొడి శాతం వేరైతే మోతాదు మారుతుంది. కనుక పొట్లంపై ఉన్నది చదివి, పశువైద్యుని అడిగి వాడాలి.

జబ్బు పిల్ల మేత తినకపోయినా నీరు తాగుతుంది. అందుకే మందు నీటిలో ఇస్తారు. ఏ రోజు నీరు ఆ రోజే కలపాలి. మంద మొత్తానికి ఇవ్వాలి. ఆ రోజుల్లో వేరే నీరు అందనీయరాదు. ఒక సభ్యురాలి ఇంట మందు మూడుసార్లు కొన్నా పిల్లలు దక్కలేదు. చూస్తే అవి మందు నీరు వదలి కుడితి తొట్టి కింద కారిన నీరు తాగుతున్నాయి!

ఈ మందు బి1 విటమిన్‌కు అడ్డుపడి పరాన్నజీవిని చంపుతుంది. కనుక మందు ఇచ్చే రోజుల్లో బి విటమిన్ టానిక్కులు ఇవ్వరాదు. ఇంట్లో మిగిలిన యాంటిబయాటిక్ బిళ్ళలు నూరి పోయడం వల్ల ప్రయోజనం లేదు. సల్ఫా మందులు మోతాదు మించితే పిల్లలకే ముప్పు. గుడ్లు పెట్టే కోళ్ళకు వాటిని ఇవ్వరాదు.

నివారణ

బ్లీచింగ్ పౌడరు, ఫినాయిలు ఈ బీజాలను చంపవు. ఎండ, వేడి, పొడిదనం చంపుతాయి. కావున:

1. రెట్టను రోజూ ఎత్తి దూరంగా ఎరువు గుంటలో వేయాలి. బీజం పక్వం కాకముందే పోతుంది.

2. గంపను రోజూ కొత్త పొడి చోటికి మార్చాలి. గూటిలో పొడి ఊక పరచి, తడిసినంత మేర తీసివేయాలి.

3. నీటి మూకుడును ఇటుకపై ఉంచాలి. రోజూ మరిగే నీటితో కడగాలి.

4. పెద్ద కోళ్ళకు జబ్బు కనిపించకపోయినా వాటి రెట్టలో బీజాలు ఉంటాయి. తల్లికోడి తప్ప మిగతావాటిని పిల్లల దగ్గరకు రానీయరాదు.

దూడలకు అంటుతుందా?

అంటదు. దూడలకూ రక్తపారుడు వస్తుంది కాని, దాని ఐమీరియా జాతులు వేరు. కోళ్ళది దూడలకు గాని, దూడలది కోళ్ళకు గాని రాదు. మనుషులకూ సోకదు. దూడ నెత్తురు పారితే కోళ్ళను నిందించక, దూడను పశువైద్యునికి చూపాలి.

సంఘ కార్యదర్శులు ఈ విషయాలను పాలు పోసే వేళ సభ్యులకు, ముఖ్యంగా మహిళా సభ్యులకు, వానలకు ముందే చదివి వినిపించవలసిందిగా కోరుతున్నాము.