దూసుకొచ్చే నౌకల వేడిని దూరం నుంచే చదివే కెమెరాలు

దాచేపల్లి ప్రాంతంలో తవ్విన సున్నపురాయి సిమెంటు కిల్న్‌లో దాదాపు 1,450 డిగ్రీల సెల్సియస్ వేడికి క్లింకర్‌గా మారుతుంది. తిరుగుతున్న కిల్న్ ఎంత కాగిందో దగ్గరికెళ్లి కొలవడం కుదరదు. అందుకే ఆధునిక ఫ్యాక్టరీల్లో పరారుణ స్కానర్ దూరంగా ఉండి, ఉక్కు షెల్ వేడిని చదువుతూనే ఉంటుంది. లోపల ఫైర్‌బ్రిక్స్ ఊడితే, తెరమీద ఆ చోటు రంగు మారిపోతుంది. అంతరిక్షం నుంచి వాతావరణంలోకి దూసుకొచ్చే నౌకల వేడిని కొలవడానికీ ఇదే శాస్త్రం ఆధారం. ఆ విశేషాలు కొన్ని...

తొలి ప్రయత్నాల్లో ఒకటి
1982 మార్చి 30న స్పేస్ షటిల్ కొలంబియా తన మూడో యాత్ర ముగించుకుని దిగుతుండగా, నాసాకు చెందిన కైపర్ విమాన వేధశాల ఆకాశంలోనే కాపు కాసి, దాని అడుగుభాగాన్ని పరారుణ కాంతిలో చిత్రించింది.

తోక కొనమీద కెమెరా
ఆ తర్వాత అదే కొలంబియా తోక చివర పరారుణ కెమెరా అమర్చి, రెక్క పైభాగం, వీపు ఎంత వేడెక్కుతున్నాయో చూశారు. కెమెరా తీసేసినా దాని గూడు మాత్రం చివరిదాకా నౌక మీదే ఉంది. 2003 ఫిబ్రవరి 1న, ఎడమ రెక్క అంచుకు పడిన చిల్లులోంచి వేడి వాయువులు చొరబడి కొలంబియా ముక్కలైంది. కల్పనా చావ్లాతో సహా ఏడుగురిని పోగొట్టుకున్నాం.

ఆరు మిల్లీమీటర్ల మిట్ట
2009 మార్చి 28న డిస్కవరీ షటిల్ తిరిగొచ్చేటప్పుడు నాసా ఒక సాహసం చేసింది. ఎడమ రెక్క అడుగున ఒక ఉష్ణకవచ పలకమీద ముందే కావాలని సుమారు 6 మిల్లీమీటర్ల మిట్ట పెట్టి ఉంచింది. నౌకను ఆనుకుని ఉన్న గాలి పొర నున్నగా జారిపోతున్నంతసేపు వేడి అదుపులో ఉంటుంది. చిన్న అడ్డు తగిలితే చాలు, ఆ గాలి సుడులు తిరిగి వేడి అమాంతం పెరుగుతుంది. ధ్వనికి ఎనిమిది రెట్లు మించిన వేగంతో డిస్కవరీ వెళుతుండగా, అమెరికా నౌకాదళానికి చెందిన ఓరియన్ విమానం పరారుణ కెమెరాతో దాన్ని పట్టింది. మిట్ట వెనుక త్రికోణంలా విచ్చుకున్న వేడి జాడ స్పష్టంగా కనిపించింది.

బొమ్మ నుంచి డిగ్రీలకు
కెమెరాకు అందేది వెలుగు మాత్రమే. పరమ ఉష్ణోగ్రత రెట్టింపైతే వస్తువు వెదజల్లే మొత్తం శక్తి 16 రెట్లవుతుంది. మధ్యలోని గాలి అందులో కొంత మింగేస్తుంది. ఉష్ణోగ్రత ముందే తెలిసిన వస్తువుతో కెమెరాను సరిచూసి, ఈ లెక్కలన్నీ కట్టాకే బొమ్మలోని వెలుగు డిగ్రీలవుతుంది.

సెకనుకు 12.9 కిలోమీటర్లు
2006 జనవరి 15న తోకచుక్క ధూళితో తిరిగొచ్చిన స్టార్‌డస్ట్ క్యాప్సూల్ వేగమిది. అప్పటిదాకా భూమికి తిరిగొచ్చిన మానవ నిర్మిత వస్తువుల్లో ఇదే రికార్డు. నాసా డీసీ-8 విమానంలోని శాస్త్రవేత్తలు అది దిగుతూ వెదజల్లిన వెలుగును నమోదు చేశారు. 2010 జూన్ 13న ఆస్ట్రేలియా మీదుగా దిగిన జపాన్ హయబుసాకూ ఆ విమానమే కాపు కాసింది.

అన్నింటినీ మించిన మంట
1995 డిసెంబరు 7న గెలీలియో ప్రోబ్ సెకనుకు సుమారు 47 కిలోమీటర్ల వేగంతో గురుగ్రహ వాతావరణంలోకి దూకింది. 152 కిలోల ఉష్ణకవచంలో సగానికి పైగా అరిగిపోయింది. అంత దూరాన తోడెళ్లి చూసే విమానం లేదు కాబట్టి, ఆ సంగతి కవచంలోని సెన్సర్లే చెప్పాయి.

మన శ్రీహరికోట
ఇలా వేడిని తట్టుకుని దిగే ప్రయోగాలు మనమూ చేశాం. 2007 జనవరి 10న ఇక్కడి నుంచి వెళ్లిన 550 కిలోల ఎస్‌ఆర్‌ఈ-1 క్యాప్సూల్, 22న బంగాళాఖాతంలో దిగింది. కక్ష్య నుంచి ఇస్రో క్షేమంగా వెనక్కి రప్పించిన తొలి నౌక అదే. 2016 మే 23న పునర్వినియోగ నౌక నమూనా ఆర్‌ఎల్‌వీ-టీడీ 65 కిలోమీటర్ల ఎత్తుకు చేరి, ధ్వనికి ఐదు రెట్ల వేగంతో కిందికి మళ్లింది.

నౌకలోని సెన్సరు తానున్న చోటి వేడినే చెబుతుంది. ఒళ్లంతా ఎక్కడెక్కడ ఎంత కాగుతోందో ఒక్క చూపులో పట్టేది బయటి పరారుణ కెమెరాయే. గగన్‌యాన్‌లో మనవాళ్లు ఇంటికి తిరిగొచ్చే వేళకు ఈ రెండు ఆధారాలూ మన చేతిలో ఉండాలి. ఆరు మిల్లీమీటర్ల తేడాకే వేడి ఎగబాకే దారిలో, తెలుసుకోగలిగినదంతా తెలుసుకున్నాకే మనుషుల్ని పంపాలి.