సైకిల్ దీపానికి ఎంత వెలుగు ఉండాలి?

తెల్లవారకముందే పాలు, దినపత్రికలు చేరవేసేవారు, రాత్రి పని ముగించుకొని ఇళ్లకు మళ్లే కార్మికులు అనేకులు నేటికీ సైకిల్‌నే నమ్ముకొని ఉన్నారు. చీకటి దారిలో వారి ప్రాణాలకు ముందున్న చిన్న దీపమే రక్ష. అయితే ఆ దీపం కొనేటప్పుడు చాలామంది పెట్టెపై ముద్రించిన ల్యూమెన్ల సంఖ్యను మాత్రమే చూస్తారు. ఆ సంఖ్య ఒక్కటే భద్రతకు కొలమానం కాదు.

ల్యూమెన్ వేరు, లక్స్ వేరు

దీపం నుంచి వెలువడే మొత్తం కాంతిని ల్యూమెన్లలో కొలుస్తారు. ఆ కాంతి దారిపై ఏ మేరకు పడుతున్నదో లక్స్ తెలుపుతుంది. ఒక చదరపు మీటరు స్థలంపై ఒక ల్యూమెన్ కాంతి పడితే అది ఒక లక్స్. పున్నమి వెన్నెల లక్స్‌లో మూడో వంతుకు మించదు. భారతీయ ప్రమాణాల ప్రకారం ముఖ్య రహదారులపై వీధి దీపాల సగటు వెలుతురు 30 లక్స్, చిన్న వీధుల్లో 4 నుంచి 8 లక్స్ ఉండాలి.

సైకిల్ దీపాలకు కచ్చితమైన నిబంధనలున్న దేశాల్లో జర్మనీ ఒకటి. అక్కడ ముందు దీపం 10 మీటర్ల దూరంలో కనీసం 10 లక్స్ వెలుగునివ్వాలి. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. కనుక అదే దీపం 20 మీటర్ల వద్ద ఇచ్చేది రెండున్నర లక్స్ మాత్రమే.

వేగాన్ని బట్టి అవసరం

గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వెళ్లే వ్యక్తి గుంతను గమనించి, బ్రేకు వేసి ఆగేందుకు పొడి రోడ్డుపై సుమారు 14 మీటర్లు పడుతుంది. వేగం 30 కిలోమీటర్లకు పెరిగితే ఆ దూరం 24 మీటర్లకు చేరుతుంది. అంత దూరాన కూడా గుంత అంతే స్పష్టంగా కనిపించాలంటే దీపం దాదాపు మూడు రెట్లు శక్తిమంతమైనదై ఉండాలి. అంటే వేగం ఒకటిన్నర రెట్లు పెరిగితే వెలుగు అవసరం మూడింతలవుతుంది. వాన కురిసిన రోడ్డుపై ఆగే దూరం ఇంకా పెరుగుతుంది. మంచి దీపం లేనివారికి వేగం తగ్గించుకోవడమే అసలైన రక్షణ.

వీధి దీపాలున్న నగరంలో దారి చూడటం కంటే ఇతరులకు కనబడటం ముఖ్యం. అక్కడ 100 నుంచి 200 ల్యూమెన్ల దీపం సాధారణంగా సరిపోతుంది. వీధి దీపాలు లేని గ్రామీణ రోడ్లపై 300 నుంచి 500 ల్యూమెన్లు అవసరమవుతాయి.

ఎదుటివారి కళ్లకు ముప్పు

వెలుగు ఎక్కువైతే మేలే అనుకోవడం పొరపాటు. టార్చిలైటు మాదిరిగా గుండ్రంగా కాంతిని చిమ్మే దీపం దారికి ఉపయోగపడవలసిన వెలుగును ఎదుటివారి కళ్లలో, చెట్ల కొమ్మలపై వృథా చేస్తుంది. కళ్లు చెదిరిన వాహన చోదకుడికి సైకిల్ పక్కన నడిచే మనిషి కనిపించకపోవచ్చు. పైభాగం కత్తిరించినట్లుండే కాంతి పుంజం గల దీపం తక్కువ ల్యూమెన్లతోనే దారిని చక్కగా చూపుతుంది. అటువంటిది దొరకనప్పుడు దీపాన్ని కొద్దిగా కిందికి వంచి బిగించుకోవాలి. మిణుకుమిణుకుమనే వెలుగు నగరంలో దృష్టిని ఆకర్షిస్తుంది. చీకటి రోడ్డుపై మాత్రం నిలకడైన వెలుగే అవసరం.

డైనమో నుంచి ఎల్‌ఈడీ వరకు

ఒకప్పుడు రాత్రివేళ దీపం లేకుండా సైకిల్ తొక్కితే పోలీసులు జరిమానా విధించేవారు. టైరుకు ఒరుసుకుంటూ తిరిగే డైనమో దీపం అప్పట్లో సర్వసాధారణం. సైకిల్ నెమ్మదిస్తే అది మసకబారేది, ఆగితే ఆరిపోయేది. డైనమో ఇచ్చే 3 వాట్ల విద్యుత్తుతోనే నేటి ఎల్‌ఈడీ దీపం ఎన్నో రెట్లు వెలుగునిస్తుంది. ఛార్జింగ్ దీపాలు కూడా విరివిగా దొరుకుతున్నాయి.

ముందు దీపం ఎంత మంచిదైనా వెనుక నుంచి వచ్చే లారీ చోదకుడికి అది కనిపించదు. వెనుక ఎర్ర దీపం, మడ్‌గార్డుకూ పెడళ్లకూ రిఫ్లెక్టర్లు, లేత రంగు దుస్తులు ఉంటేనే ఆ రక్షణ సంపూర్ణమవుతుంది. బయలుదేరే ముందు దీపం వెలుగుతున్నదీ లేనిదీ చూసుకోవడానికి పట్టేది కొద్ది క్షణాలే.